పాత పోస్టర్ అక్షరానికి కొత్త గిరాకీ

సినిమా టైటిల్, కేఫ్ బోర్డు, పచ్చడి సీసా లేబుల్... సన్నగా, పొడవుగా, నగిషీలతో ఉండే పాతకాలపు అక్షరాలు మళ్లీ కనిపిస్తున్నాయి కదా! వీటి మూలాలు 19వ శతాబ్దపు పోస్టర్లలో ఉన్నాయి. 1827లో న్యూయార్క్‌లో డేరియస్ వెల్స్ చెక్క అచ్చుల తయారీకి యంత్రం వాడాక అక్షరం పెద్దదైంది. కాగితం వెడల్పు మాత్రం అంతే. అందుకే అక్షరాన్ని పక్కల నొక్కి, నిలువుగా పెంచారు.

తెలుగులో ఇది అంత తేలిక కాదు. 'స్త్రీ' అని రాసి చూడండి: పైన గుడిదీర్ఘం, కింద వత్తులు. నిలువుగా పెంచితే వత్తు కింది వరుసను తాకుతుంది. పక్కల నొక్కితే 'ప', 'వ' తేడా పట్టుకోవడం కష్టం. సాఫ్ట్‌వేర్‌లో లాగేస్తే సరిపోదా అంటారా? నిలువు గీతలు చిక్కిపోయి, అడ్డగీతలు లావుగా మిగులుతాయి. ప్రతి అక్షరాన్నీ మళ్లీ గీయాల్సిందే. మీ అవకాశం అక్కడే.

మొదలెట్టడానికి ఖర్చు అక్కర్లేదు. ఫాంట్‌ఫోర్జ్ ఉచితం. గూగుల్ ఫాంట్స్‌లోని రామభద్ర, సురన్న లాంటి తెలుగు ఫాంట్లను విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు. ఫాంటును విడిగా అమ్మకూడదు. డిగ్రీ తర్వాత ఐఐటీల్లో ఎం.డిజైన్ చేయాలంటే సీడ్, ఎన్‌ఐడీలో చేరాలంటే డాట్ రాయాలి.

ఒక్క జాగ్రత్త: లైసెన్సు లేని ఫాంటుతో క్లయింటుకు లోగో చేసివ్వకండి. రేపు నోటీసు వస్తే పోయేది మీ పేరే.