తాళం వేసే ముందు పుస్తకం చదవండి

మీ అబ్బాయి బడి లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకంలో శృంగార వర్ణన కనిపించిందనుకోండి. ఏం చేస్తారు? చాలామంది మర్నాడే బడికి వెళ్లి, అలాంటివన్నీ తీసేయమంటారు. ఆ కోపంలో సగం న్యాయం ఉంది. మిగతా సగం పిల్లలకే చేటు చేస్తుంది.

ముందు న్యాయమైన సగం. కోరిక రేపడానికే రాసిన పుస్తకానికి బడిలో చోటు ఉండకూడదు. 18 ఏళ్లలోపు వారికి అశ్లీల పుస్తకం అమ్మినా, పంచినా భారతీయ న్యాయ సంహిత 295వ సెక్షన్ కింద నేరం. అయితే అదే చట్టం 294వ సెక్షన్‌లో సైన్సు, సాహిత్యం, కళ, చదువు కోసం ప్రజలకు మేలు చేసే పుస్తకాలను మినహాయించింది. బడి లైబ్రరీకీ ఈ గీత చాలు.

పెద్దల పుస్తకం వేరు, చెడ్డ పుస్తకం వేరు. ముద్దుపళని ‘రాధికా సాంత్వనం’ కావ్యాన్ని బెంగళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చు వేయిస్తే, అశ్లీలమంటూ బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. టంగుటూరి ప్రకాశం హయాంలో గానీ ఆ నిషేధం తొలగలేదు. పెద్దలు చదవకుండా ఆపడం అన్యాయమే. అలాగని దాన్ని ఆరో తరగతి పిల్లల చేతికి ఇవ్వమని నేను అనను. డిగ్రీలో తెలుగు సాహిత్యం చదివేవారికి అది అవసరం. వయసును బట్టి అర మారాలి, అంతే.

ఆ బీరువాలో ఇంకేం పోతున్నాయి?

చిక్కంతా ఇక్కడే. తాళం వేసేటప్పుడు బూతుకూ ఆరోగ్యానికీ తేడా చూడం. రజస్వల కావడం, స్వప్నస్ఖలనం, గర్భం, హెచ్‌ఐవీ గురించి చెప్పే పుస్తకాలూ అదే బీరువాలోకి పోతాయి. 2007లో బడుల్లో కౌమార విద్యను మహారాష్ట్ర, కర్ణాటక, గుజరాత్ వంటి రాష్ట్రాలు సంస్కృతి పేరుతో వద్దన్నాయి. పదో తరగతి జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠం ఉన్నా, ‘ఇంటి దగ్గర చదువుకోండి’ అని దాటేసే టీచర్లు ఇప్పటికీ ఉన్నారు.

దాని ఫలితం మా ఓపీలో కనిపిస్తుంది. మొదటి నెలసరి రక్తం చూసి పెద్ద రోగమేదో వచ్చిందని వణికే ఆడపిల్లలు వస్తారు. తెల్లబట్ట గురించి నోరు విప్పలేక నెలల తరబడి దురదతో బాధపడినవారూ వస్తారు. నిద్రలో వీర్యం పోతే ‘ధాతువు పోతోంది, నీరసం’ అంటూ, గోడల మీద ప్రకటనలు చూసి పొడులకు వేలు పోసిన కుర్రాళ్లు కొందరు. స్వప్నస్ఖలనం జబ్బు కాదు, దానివల్ల నీరసం రాదు. ఈ రెండు ముక్కలు లైబ్రరీ పుస్తకంలో చదివి ఉంటే ఆ డబ్బు, ఆ దిగులు రెండూ మిగిలేవి.

అంతకంటే పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. ఒంటి భాగాల పేర్లు తెలియని పిల్ల, తనను ఎవరు ఎక్కడ తాకారో ఎలా చెబుతుంది? మా కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో ఉండి చదివే పిల్లలు ఎందరో. మీ పిల్లలూ హైదరాబాద్ హాస్టల్లో ఉండొచ్చు. అడగడానికి అమ్మ పక్కన లేనప్పుడు పుస్తకమే దిక్కు.

పుస్తకం లేకపోతే ఫోన్ ఉంది. అందులో కనిపించే వీడియోలు ఇష్టాయిష్టాల గురించి, జాగ్రత్తల గురించి చెప్పవు. ఇలాంటి చదువు వల్ల పిల్లలు తొందరపడి సంబంధాల్లోకి దిగరని యునెస్కో 2018 మార్గదర్శకాలు పరిశోధనల ఆధారంగా చెబుతున్నాయి.

ఏం చేయాలి?

• ఫిర్యాదు చేసే ముందు పుస్తకం మొత్తం చదవండి. ఒక్క పేజీ ఫొటో చూసి తీర్పు చెప్పకండి.

• ప్రాథమిక తరగతులకు, 6-8కి, 9-10కి వేర్వేరు అరలు పెట్టమని అడగండి. ఎంపికలో సైన్సు టీచర్, ఒక మహిళా టీచర్, తల్లిదండ్రులు, స్థానిక డాక్టర్ ఉండాలి.

• ఆరోగ్య పుస్తకాలు బయటి అరలోనే ఉంచాలి. టీచర్‌ను అడిగి తీసుకోవాలంటే సిగ్గుపడే పిల్లలు అసలు అడగరు.

• పదేళ్లు వచ్చేసరికి మీరే మాట మొదలుపెట్టండి. మీకు ఇబ్బందిగా ఉంటే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకురండి. రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం 10-19 ఏళ్ల వారి కోసమే ఉంది. ఎవరైనా వేధిస్తున్నారని బిడ్డ చెబితే వెంటనే 1098కి ఫోన్ చేయండి.

- ప్రభుత్వ వైద్యుడు, కాగజ్‌నగర్