ఇంజెక్టర్ పోయింది సరే, ఆ కొలతలు రాసిన కాగితం ఏది?

ఆస్ట్రేలియా పోటీ, వినియోగదారుల కమిషన్ అధ్యక్షులకు, బ్లాక్‌టౌన్ నుంచి బహిరంగ లేఖ.

ఎం4, ఎం7 రహదారులు కలిసేది ఈస్టర్న్ క్రీక్ దగ్గర. తెల్లవారక ముందే అక్కడ లారీల వరస మొదలవుతుంది. హంటింగ్‌వుడ్, ఆర్న్‌డెల్ పార్క్ గోదాముల నుంచి సరుకెత్తుకుని బయల్దేరే ఆ లారీల్లో కొన్ని పెద్ద కంపెనీలవి, కొన్ని అప్పు చేసి కొనుక్కుని సొంతంగా నడుపుకునేవాళ్లవి. ఈ లేఖ రెండో రకం వాళ్ల గురించి.

అలాంటి ఒకాయన సంగతే అనుకుందాం. లారీ కొని రెండేళ్లయింది, వారంటీ ఇంకా ఉంది. జూలై చలిలో స్టార్ట్ చేస్తే ఇంజిన్ టకటకా కొడుతుంది. తెల్లపొగ. ఐడిల్‌లో మిస్ కొడుతుంది, పికప్ లేదు. వర్క్‌షాపులో వదిలి వస్తే మూడో రోజు ఫోను: ఇంజెక్టర్లు పోయాయి, డీజిల్‌లో నీళ్లో దుమ్మో ఉన్నాయి, అది వారంటీ కిందికి రాదు. వారంటీ పుస్తకంలో కల్తీ ఇంధనం గురించి ఒక వాక్యం ఎలాగూ ఉంటుంది. డీజిల్‌లో ఏముందో ఎవరు చూశారు, ఎంత ఉంది, ఎప్పుడు కొలిచారు అని ఆయన అడిగితే కౌంటర్ దగ్గర జవాబు దొరకదు.

ఆయన బెజవాడ ఆటోనగర్ ఎరిగినవాడైతే ఇంకా చిరాకు పడతాడు. పాత లారీలకు అక్కడి మేస్త్రీ స్పానర్ తీసుకుని, నడుస్తున్న ఇంజిన్ మీదే ఇంజెక్టర్ పైపు నట్లు ఒక్కొక్కటే వదులు చేసి చెవి పెట్టేవాడు. ఏ నట్టు వదిలినప్పుడు ఇంజిన్ శబ్దం మారదో ఆ సిలిండర్ పనిచేయడం లేదన్నమాట. ఓనరు పక్కనే నిలబడి తన చెవులతో తానూ వినేవాడు. వాదనకు తావుండేది కాదు.

ఇప్పటి కామన్ రైల్ ఇంజిన్‌కు ఆ పని చేస్తే చెయ్యి పోతుంది. పాత ఇంజెక్టర్ రెండు మూడు వందల బార్ ఒత్తిడికి తెరుచుకునేది. ఇప్పుడు రైలులో ఒత్తిడి 1,600 నుంచి 2,500 బార్ దాకా పోతుంది. సన్నగా చిమ్మిన డీజిల్ కూడా చర్మాన్ని చీల్చుకుని ఒంట్లోకి దిగుతుంది. ఇంజెక్టర్ లోపలి భాగాల మధ్య సందు కొన్ని మైక్రాన్లే, వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. అందుకే ఓనరు చెవి స్థానంలోకి స్కానర్ వచ్చింది. చిక్కంతా అక్కడే. స్కానర్ చెప్పేది వర్క్‌షాపుకు వినిపిస్తుంది, ఓనరుకు వినిపించదు.

నిజానికి పరీక్ష అంత గూఢమైనదేం కాదు. ఒక్కో సిలిండర్‌కు కంప్యూటర్ ఎంత డీజిల్ కలుపుతోందో, ఎంత తగ్గిస్తోందో స్కానర్‌లో అంకెల్లో కనిపిస్తుంది. తర్వాత లీక్-ఆఫ్ పరీక్ష: ప్రతి ఇంజెక్టర్ రిటర్న్ పైపుకూ ఒక పారదర్శక గొట్టం తగిలించి, గీతలున్న సీసాల్లోకి వదిలి, ఇంజిన్‌ను కాసేపు తిప్పుతారు. మూడు సీసాల్లో డీజిల్ అడుగునే ఉండి, నాలుగోది సగం నిండితే, ఆ ఇంజెక్టర్ లోపల అరిగి డీజిల్‌ను వెనక్కి వదిలేస్తోందని పసిపిల్లలకైనా తెలుస్తుంది.

ఎందుకు అరిగింది అనేది వేరే ప్రశ్న. డబ్బు ఎవరు కట్టాలో తేలేది అక్కడే. తయారీ లోపమైనా, డీజిల్‌లో మురికి అయినా, హైప్రెషర్ పంపు అరిగి రాల్చిన లోహపు రజను అయినా, సీసాలో కనిపించే ఫలితం దాదాపు ఒక్కటే. తేడా తెలియాలంటే ట్యాంకులోంచి, ఫిల్టర్ గిన్నెలోంచి ఓనరు ఎదుటే డీజిల్ నమూనా తీయాలి. ఫిల్టర్ కోసి లోపల మెరుపు ఉందేమో చూడాలి. విప్పిన ఇంజెక్టర్ నాజిల్‌ను సూక్ష్మదర్శిని కింద పెట్టాలి. వారంటీ కింద మార్చిన పాత ఇంజెక్టర్లు మామూలుగా తయారీదారుకు వెళ్లిపోతాయి. ఫిల్టర్ చెత్తబుట్టలో పడుతుంది. వారం తిరిగేసరికి సాక్ష్యం ఏదీ మిగలదు, కౌంటర్ దగ్గర చెప్పిన మాట తప్ప.

చట్టం లేదని కాదు. 2011 జనవరి 1 నుంచి ఆస్ట్రేలియా వినియోగదారుల చట్టం ఉంది. రోడ్ల మీద సరుకు రవాణా కోసమే ప్రధానంగా కొన్న వాహనమైతే ధర ఎంతైనా దానికి ఆ చట్టం ఇచ్చే హామీలు వర్తిస్తాయి. కంపెనీ వారంటీ వేరు, ఈ హామీలు వేరు. ఒకటి ముగిసినా రెండోది ముగియాలని లేదు. ఈ సంగతి ఎరిగిన లారీ ఓనర్లు ఎంతమంది ఉంటారు! అయితే అదే చట్టంలో ఒక కిటికీ తెరిచే ఉంది. ఇంటి వాడకం సరుకు కాదు కాబట్టి, రిపేరు చేయడమో మార్చివ్వడమో తప్ప ఇంకే బాధ్యతా లేదని అమ్మకందారు ఒప్పందంలో రాసుకోవచ్చు. అది సబబు కాదని నిరూపించే భారం కొన్నవాడిది. లారీ నిలిచిపోయిన రోజుల కిరాయి అలా గాలికి పోతుంది. అందుకే రోగం త్వరగా, కాగితం మీద తేలడం వీళ్లకు బియ్యం, ఇంటి వాయిదా అంత అవసరం.

ఇక్కడే కమిషన్ తన పాత పనిని గుర్తు చేసుకోవాలి. కొత్త కార్ల మార్కెట్ మీద 2017 డిసెంబరులో ఇచ్చిన నివేదికలో, రిపేరు సమాచారాన్ని బయటి మెకానిక్కులకూ అమ్మేలా తయారీదారుల మీద నిర్బంధం పెట్టాలని కమిషనే సిఫారసు చేసింది. 2022 జూలై 1న ఆ పథకం అమల్లోకి వచ్చింది. కానీ 3.5 టన్నులు దాటిన వాహనం దాని పరిధిలో లేదు. యూట్‌కు ఉన్న సౌకర్యం సరుకు లారీకి లేదు. కొత్త ఇంజెక్టర్ బిగించాక దాని మీద చెక్కిన కోడ్‌ను ఇంజిన్ కంప్యూటర్‌కు నేర్పాలి. ఆ తలుపు తాళం డీలరు చేతిలోనే ఉంటే, రెండో మెకానిక్కు అభిప్రాయం చెప్పగలడేమో కానీ పని పూర్తి చేయలేడు.

ఒక్కొక్కరి గోడూ విడిగా విన్నంత కాలం జబ్బు ఏమిటో తెలియదు. టొయోటా డీజిల్ ఫిల్టర్ కేసే చూడండి. 2015 అక్టోబరు నుంచి 2020 ఏప్రిల్ దాకా అమ్మిన 2,64,170 హైలక్స్, ప్రాడో, ఫార్చ్యూనర్ బండ్ల సంగతి ఒకే దావాగా నడిచి, 2024 నవంబరు 6న హైకోర్టు తీర్పు దాకా వెళ్లింది. అక్కడా లక్షణాల్లో ఒకటి తెల్లపొగే. ఇంజెక్టర్ల విషయంలో అమెరికాలో ఇంకా పాత ఉదాహరణ ఉంది. 2001-2004 నాటి డ్యూరామాక్స్ ఎల్‌బీ7 ఇంజిన్ల ఇంజెక్టర్లు వరసగా పోతుంటే జనరల్ మోటార్స్ వాటి వారంటీని 7 ఏళ్లు లేదా 2 లక్షల మైళ్లకు పొడిగించింది. ఎవరి ట్యాంకులో ఏ డీజిల్ పోశారని ఒక్కొక్కరితో తగువు పడడం కన్నా కంపెనీకీ అదే చవకేమో.

కాబట్టి కమిషన్‌ను అడిగేవి రెండు. రిపేరు సమాచార పథకంలోకి 3.5 టన్నులు దాటిన లారీలనూ తేవాలని ఆర్థిక శాఖకు రాయండి, కార్లకు చేసినట్టే అధ్యయనం చేసి మరీ రాయండి. చట్టం మారేలోగా మీ చేతిలో ఉన్న మార్గదర్శకాల్లోనే ఒక మాట చేర్చండి: కల్తీ డీజిల్ పేరుతో వారంటీ కాదన్నవాళ్లు స్కానర్ అంకెలు, లీక్-ఆఫ్ కొలతలు, డీజిల్ పరీక్ష ఫలితం రాతపూర్వకంగా ఇవ్వాలి, నమూనాలో సగం సీలు వేసి ఓనరుకు అప్పగించాలి, తగువు తేలేదాకా విప్పిన ఇంజెక్టర్లను పంపేయకూడదు. నిజంగానే డీజిల్‌లో నీళ్లు ఉన్నాయనుకోండి, ఆ సీసా పట్టుకుని ఆయన నేరుగా పెట్రోల్ బంకు వాళ్ల దగ్గరికే వెళతాడు.