ఇంటర్న్‌షిప్ ముగియక ముందే నికాహ్ తారీఖ్ ఎందుకు?



పోయిన నెల ఒక రోజు ఇషా నమాజ్ అయ్యాక మా మొహల్లా భాయ్‌సాబ్ ఒకాయన తన కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. చేతిలో ప్లాస్టిక్ ఫైలు. ఆ అమ్మాయి బీపీటీ చదివింది, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ. నాలుగేళ్లూ మంచి మార్కులే. ఇప్పుడు ఎంపీటీ చేయాలని షౌక్. "చాచా, ఫారం నింపడానికి కొంచెం మదద్ చేయండి" అంది. ఫైలు తెరిచి చూశాం. టెన్త్ మెమో ఉంది, ఇంటర్ మెమో ఉంది, నాలుగేళ్ల మార్కుల మెమోలు ఉన్నాయి, కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్ అన్నీ ఉన్నాయి. ఒక్క కాగజ్ మాత్రం లేదు. ఇంటర్న్‌షిప్ పూర్తి చేసినట్టు సర్టిఫికెట్.

ఎందుకు లేదని అడిగితే తండ్రి తల వంచుకున్నారు. ఇంటర్న్‌షిప్ మొదలైన రెండో నెలలోనే మంచి రిష్తా వచ్చిందట. అబ్బాయి గల్ఫ్‌లో నౌకరీ. నెల రోజుల ఛుట్టీలో వచ్చాడు, ఆ నెలలోనే నికాహ్, వలీమా అయిపోవాలన్నారు. "ఆరు నెలల పనే కదా, తర్వాత చేసుకోవచ్చులే" అని ఖాందాన్ పెద్దలు అన్నారు. ఆ 'తర్వాత' రెండేళ్లయింది. ఇప్పుడు ఆమె ఒళ్లో ఏడాది పాప.

నేను ఆ తండ్రిని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. ఆయన కూతుర్ని నాలుగేళ్లు చదివించారు, ఫీజు కోసం ప్లాటు అమ్మారు. ఆయన మొహబ్బత్‌లో లోపం లేదు. ఏ కాగజ్ విలువ ఎంతో ఆయనకు ఎవరూ చెప్పలేదు, అంతే. మన ఇళ్లలో ఇలాంటి ఫైళ్లు ఇంకా ఎన్ని ఉన్నాయో. అందుకే రాస్తున్నాను.

ముందు అసలు ఎంపీటీలో చేరడానికి ఏం అడుగుతారో చూద్దాం. ఎంపీటీ రెండేళ్ల కోర్సు. ఆర్థో, న్యూరో, కార్డియో, స్పోర్ట్స్, పిల్లల విభాగం ఇలా ఒక్కో శాఖలో ప్రత్యేకంగా చదవాలి. తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీ దీనికి ప్రవేశ పరీక్ష పెడుతుంది. హైదరాబాద్ నిమ్స్ తన సీట్లకు తానే పరీక్ష పెట్టుకుంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ చూసుకుంటుంది. ఎక్కడైనా మూలం ఒక్కటే. గుర్తింపు ఉన్న కాలేజీలో బీపీటీ పాసై ఉండాలి, నోటిఫికేషన్‌లో చెప్పిన తారీఖ్ లోపల ఇంటర్న్‌షిప్ పూర్తయి ఉండాలి. ఇప్పటిదాకా ఎక్కువ కాలేజీల్లో బీపీటీ అంటే నాలుగేళ్ల చదువు, ఆరు నెలల ఇంటర్న్‌షిప్. ఆ ఆరు నెలలు లేకపోతే నాలుగేళ్లు గాలిలో వేలాడుతున్నట్టే. ఎంపీటీ మాట అటుంచండి, డిగ్రీ పట్టా కూడా చేతికి రాదు. పట్టా లేనిదే క్లినిక్ పెట్టడం, ఆసుపత్రిలో నౌకరీ కుదరవు.

ఇంకో కాగజ్ గురించి కూడా చెప్పాలి. రెండు రాష్ట్రాల్లోనూ ముస్లిములలో వెనుకబడిన వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది. 2007 చట్టం ఇది. దూదేకుల వాళ్లు బీసీ-బి కిందికి వస్తారు. సయ్యద్, పఠాన్, మొగల్ ఖాందాన్‌లకు ఇది వర్తించదు. మనవాళ్లలో చాలామందికి తాము ఏ జాబితాలో ఉన్నారో సీటు వదులుకున్నాక తెలుస్తుంది. సీట్లు తక్కువ ఉన్న కోర్సుల్లో ఈ ఒక్క కాగజ్ వల్ల సీటు రావచ్చు, పోవచ్చు. నోటిఫికేషన్ వచ్చాక తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరగడం కంటే ఇంటర్న్‌షిప్‌లో ఉండగానే తీసి పెట్టుకోవడం మేలు.

ఇక అమెరికా. మన ఇళ్లలో ఫిజియో చదివే పిల్లల్లో సగం మంది కళ్లు అటే ఉంటాయి. అక్కడ ఫిజికల్ థెరపిస్టు కావాలంటే ఇప్పుడు డీపీటీ అనే డాక్టరేట్ డిగ్రీ చదవాలి. 2016 నుంచి అక్కడ గుర్తింపు ఉన్న కోర్సులన్నీ డీపీటీలే. మామూలుగా మూడేళ్లు పడుతుంది. చాలా యూనివర్సిటీలకు దరఖాస్తు పీటీకాస్ అనే ఒకే ఉమ్మడి వ్యవస్థ ద్వారా వెళ్తుంది. ముందు ఏదో ఒక సబ్జెక్టులో డిగ్రీ ఉండాలి. అనాటమీ, ఫిజియాలజీ, బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, సైకాలజీ, స్టాటిస్టిక్స్ చదివి ఉండాలి. వీటిలో సైన్స్ సబ్జెక్టులు చాలావరకు ల్యాబ్‌తో సహా ఉండాలి. కొన్ని చోట్ల జీఆర్ఈ అడుగుతారు, చాలా చోట్ల మానేశారు. సిఫారసు లేఖలు అడుగుతారు. ఇంటర్వ్యూ కూడా ఉండొచ్చు. వీటన్నిటితో పాటు నాకు అన్నిటికంటే నచ్చిన షరతు ఒకటుంది. ఎన్నో కాలేజీలు దరఖాస్తు పెట్టే పిల్లలు ముందే ఒక ఫిజికల్ థెరపిస్టు దగ్గర గంటల తరబడి కూర్చుని పని గమనించి ఉండాలంటాయి. ఎన్ని గంటలన్నది కాలేజీని బట్టి మారుతుంది. ఆ గంటలకు ఆ థెరపిస్టు ధ్రువీకరణ ఇవ్వాలి.

ఇక్కడ బీపీటీ చేసిన పిల్లలకు ఇంకో దారి కూడా ఉంది. ఎఫ్‌సీసీపీటీ అనే సంస్థ వాళ్ల చదువును అక్కడి డీపీటీ చదువుతో పోల్చి, ఎక్కడ తక్కువ పడిందో చెబుతుంది. తక్కువ పడిన సబ్జెక్టులు పూర్తి చేసుకుని, ఇంగ్లిష్ పరీక్ష గట్టెక్కి, ఎన్‌పీటీఈ అనే లైసెన్స్ పరీక్ష రాయాలి. 800 స్కేలులో 600 వస్తే పాస్. ఏ రాష్ట్రంలో పని చేయాలంటే ఆ రాష్ట్రం షరతులు వేరే ఉంటాయి. ఇది లంబీ దారి. సబర్ కావాలి, పైసా కావాలి. కానీ ఇది సీదా దారి.

టేఢా దారి కూడా ఉంది. కొంతమంది ఏజెంట్లు హెల్త్ అనే మాట ఉన్న ఏదో ఒక ఎంఎస్ కోర్సులో సీటు ఇప్పించి, "అక్కడికి వెళ్లాక ఫిజియో లైసెన్స్ దానంతట అదే వస్తుంది" అంటారు. రాదు. పేరులో హెల్త్ ఉన్నంత మాత్రాన ఏ ఎంఎస్ డిగ్రీ కూడా ఫిజికల్ థెరపీ లైసెన్స్ ఇవ్వదు. ఇల్లు గిర్వీ పెట్టి పంపిన తర్వాత ఈ మాట తెలిస్తే ఆ ఖాందాన్ హాల్ ఎలా ఉంటుందో ఊహించండి. మరికొంతమంది ఇంకో అడుగు ముందుకేస్తారు. సిఫారసు లేఖలు తామే రాసి, ప్రొఫెసర్ పేరు పెట్టి సంతకం గీకేస్తారు. క్లినిక్ మొహం చూడని పిల్లలకు వంద గంటల అనుభవం ఉన్నట్టు కాగజ్ పుట్టిస్తారు. "అందరూ చేసేదే భాయ్" అంటారు.

అందరూ చేస్తే జాయజ్ అయిపోతుందా? సిఫారసు లేఖ అంటే గవాహీ. ఈ పిల్ల నాకు తెలుసు, ఈ పిల్ల పని నేను చూశాను అని ఒక మనిషి ఇచ్చే షహాదత్. సూరా నిసాలో 135వ ఆయత్ న్యాయం కోసం గవాహీ ఇవ్వమంటుంది, అది మనకు, మన వాలిదైన్‌కు వ్యతిరేకంగా వెళ్లినా సరే. ఝూటీ గవాహీని రసూలుల్లాహ్ (స) పెద్ద గునాహ్‌లలో లెక్కించారు. పైగా ఇది మరీజ్ ఒంటి మీద చేయి వేసే పని. రేపు ఫాలిజ్ వచ్చిన ఒక ముసలాయన చేతిని ఎంతవరకు లేపాలో, ఎక్కడ ఆపాలో తెలియని చేతికి ఆ దొంగ గంటల కాగజ్ దారి తీస్తుంది. అలాంటి కాగజ్‌తో వచ్చిన రిజ్క్‌లో బర్కత్ ఎక్కడి నుంచి వస్తుంది?

గంటల షరతు నాకెందుకు నచ్చిందో కూడా చెబుతాను. మన దగ్గర పిల్లలు బీపీటీలో ఎలా చేరుతున్నారు? నీట్‌లో ర్యాంకు రాలేదు, బీడీఎస్ దొరకలేదు, సరే, ఇదైనా చేర్చేద్దాం. పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవచ్చు, రిష్తాలు బాగా వస్తాయి. ఈ లెక్కలో పిల్ల దిల్‌లో ఏముందో అడిగేవాళ్లు లేరు. చేరే ముందే ఒక పది రోజులు దగ్గర్లోని ఫిజియో క్లినిక్‌లో కూర్చోబెట్టండి. మోకాలి మార్పిడి చేయించుకున్న అమ్మ మొదటిసారి కాలు మడిచేటప్పుడు పెట్టే కేక వినాలి. ఒకే కసరత్తును ఇరవై రోజులు, నలభై రోజులు చేయించే సబర్ తనకుందో లేదో పిల్ల తానే తేల్చుకోవాలి. ఇది మనల్ని ఏ యూనివర్సిటీ అడగకపోయినా మన ఇంట్లో మనమే పెట్టుకోదగ్గ షరతు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆడపిల్లకు ఎంపీటీ దాకా ఎందుకు, బీపీటీ చాలు కదా అనే మాట మన మెహఫిల్‌లలో తరచుగా వింటాను. ఒకసారి మన మస్జిద్‌లో చివరి సఫ్ వైపు చూడండి. కుర్చీలు ఏటేటా పెరుగుతున్నాయి. అవి మగవాళ్లవి, కనిపిస్తున్నాయి. ఇళ్లలో ముసల్లా పక్కన కుర్చీ వేసుకున్న దాదీలు, నానీలు, ఖాలాలు మనకు లెక్కలోకి రారు. మోకాళ్లు పట్టేసి సజ్దా చేయలేక లోపల్లోపల ఏడ్చే అమ్మీలు ఎంతమందో. ఫాలిజ్ వచ్చి మంచం పట్టినవాళ్లు, సిజేరియన్ తర్వాత నడుము నొప్పితో పిల్లల్ని ఎత్తలేనివాళ్లు. మగ ఫిజియో దగ్గరికి వెళ్దామంటే వద్దంటారు, నొప్పినైనా ఓర్చుకుంటారు. వాళ్ల దగ్గరికి వెళ్లగలిగేది మన బేటీలే కదా. ఫాలిజ్ తర్వాత నడక నేర్పాలంటే న్యూరోలో లోతుగా చదివినవాళ్లు కావాలి. ఆ లోతు ఎంపీటీలో వస్తుంది.

వైద్యాన్ని ఫర్జ్-ఎ-కిఫాయా అన్నది ఇమామ్ గజాలీ (రహ్). ఇహ్యా ఉలూమిద్దీన్‌లో ఇల్మ్ గురించిన భాగంలోనే ఈ మాట ఉంది. బస్తీలో కొందరైనా ఆ పని చేయాలి, ఎవరూ చేయకపోతే అందరి మీదా గునాహ్. మన మొహల్లాలో ఆడవాళ్లను చూసే ఒక్క ఫిజియో కూడా లేకపోతే ఆ లెక్కలో మనం ఎక్కడున్నాం?

నా-మహ్రమ్ మరీజ్‌ల సంగతేమిటని అడిగేవాళ్లూ ఉన్నారు. సవాల్ సబబైనదే, కొట్టిపారేయను. ఇంటర్న్‌షిప్‌లో అన్ని వార్డులూ తిరగాలి, మగ మరీజ్‌లు కూడా ఉంటారు. ఇలాజ్ విషయంలో జరూరత్ ఉన్నప్పుడు, ఎంత జరూరత్ ఉంటే అంతవరకు ఇజాజత్ ఉందని ఉలమా చెబుతూనే వచ్చారు. హజ్రత్ రుఫైదా (రజి) గాయపడిన వాళ్లకు మస్జిద్-ఎ-నబవీ దగ్గర ఖైమాలో సేవ చేశారు. హజ్రత్ సాద్ బిన్ మువాజ్ (రజి)ను ఆ ఖైమాకే చేర్చారు. హయా, హద్దు రెండూ నిలుపుకుంటూ ఖిద్మత్ చేయవచ్చని దీనికంటే పెద్ద మిసాల్ ఏముంటుంది? పని పూర్తిగా నేర్చుకున్నాక తర్వాత ఆడవాళ్ల క్లినిక్ మాత్రమే నడుపుకుంటానంటే అది ఆ పిల్ల ఇష్టం. కానీ మధ్యలో ఆపేస్తే ఆ క్లినిక్ కూడా ఉండదు.

వయసు మించిపోతుందని, మంచి రిష్తా చేజారుతుందని తల్లిదండ్రుల ఫికర్ నాకు తెలుసు. నేనూ బాప్‌నే. కానీ లెక్క చూడండి, ఆగమంటున్నది ఆరు నెలలు. ఆరు నెలలు ఆగలేని రిష్తా రేపు ఎంపీటీకి రెండేళ్లు ఇస్తుందా? నికాహ్ తప్పనిసరిగా ముందే చేయాల్సి వస్తే, ఇంటర్న్‌షిప్ పూర్తయ్యాకే రుఖ్సతీ అని మాట్లాడుకోండి. చదువు కొనసాగించే షరతు నికాహ్‌నామాలో రాయించుకోండి. జాయజ్ షరతులు రాసుకోవడం తప్పేమీ కాదు. అన్ని షరతుల్లోకీ ముందు నిలబెట్టుకోవాల్సింది నికాహ్ షరతులేనని హదీస్‌లోనే ఉంది. పెద్దల ముందు నోటి మాటగా అన్నది మూడు నెలల్లో మర్చిపోతారు, కాగజ్ మీద ఉన్నది మర్చిపోరు.

ఆ అమ్మాయి సంగతి అడుగుతారేమో. కాలేజీకి వెళ్లి కలిశాం. మిగిలిన ఇంటర్న్‌షిప్ చేయడానికి యూనివర్సిటీ ఇజాజత్ కోసం దర్ఖాస్తు పెట్టించాం. జవాబు ఇంకా రాలేదు. ఈ ఏడు ఎంపీటీ ఎలాగూ పోయింది. ఆ నాలుగు నెలలు పాపను ఎవరు చూసుకోవాలన్న మాట ససురాల్‌లో నడుస్తోంది. ఆమె అత్తగారు కుర్చీ మీద కూర్చుని నమాజ్ చదువుతారట. "పాపను నేను చూసుకుంటాను, కానీ నా మోకాళ్ల సంగతి నువ్వు చూడాలి" అన్నారని భాయ్‌సాబ్ నవ్వుతూ చెప్పారు. అల్లాహ్ ఆసాన్ చేయాలి.

రిష్తా మాటల్లో మెహర్ గురించి, షాదీఖానా గురించి, బిర్యానీ ఎన్ని దేగ్‌లు అన్నదాని గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటాం. ఇంట్లో ఫిజియో చదివే బేటీ ఉంటే ఆ మాటల్లో ఈ ఒక్క సవాల్‌కు ఐదు నిమిషాలు ఇవ్వండి: ఇంటర్న్‌షిప్ ఏ తారీఖున ముగుస్తుంది?

ఆ తారీఖ్ తెలిశాక నికాహ్ తారీఖ్ పెట్టుకోండి.