ఎన్ని ఎముకలు కనబడుతున్నాయి?

జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర. ఓ పక్క తేరు, ఇంకో పక్క ఎద్దుల బేరాలు. కొనేవాడు ముందు నోరు తెరిచి పళ్ళు చూస్తాడు. పాలపళ్ళా, రెండు పళ్ళా, ఆరు పళ్ళా... తర్వాత సుళ్ళు. ఫలానా చోట సుడి ఉంటే ఇంటికి కీడు, ఫలానా చోట ఉంటే కలిసొస్తుంది! కొమ్ములు, గిట్టలు, నాలుగడుగులు నడిపించి నడక... అన్నీ కుదిరితే తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ధర తేల్చుకుంటారు. ఇన్ని చూసేవాళ్ళలో చాలామంది ఒక్క పని మాత్రం చెయ్యరు. పక్కన చెయ్యేసి ఎన్ని ఎముకలు తగులుతున్నాయో లెక్కపెట్టరు.

'చూస్తూనే తెలుస్తాండాది గదప్పా, కడుపు నిండుగా ఉండాది' అంటారు. వచ్చిన చిక్కంతా ఆ కడుపుతోనే. సంతకు తోలేముందు ఉప్పు కలిపిన తవుడు పెట్టి, కుడితి తొట్టి దగ్గర నిలబెడితే చాలు... డొక్కలు పూడిపోతాయి. చూడి ఆవుకైతే లోపలి దూడే పొట్టను ముందుకు తోస్తుంది. దాంతో పైకి నిండుగా కనిపిస్తుంది, వెన్నెముక మాత్రం కత్తి అంచులా ఉంటుంది. ఒంగోలు జాతికి వేలాడే గంగడోలు, ఎత్తయిన మూపురం ఉంటాయి కాబట్టి కన్ను ఇంకా త్వరగా మోసపోతుంది. పొట్టను నమ్మకూడదు. వెన్ను, నడుము, పక్కటెముకలు, తొంటి ఎముకలు, తోక మొదలు... పశువు నిజం చెప్పేది ఈ అయిదు చోట్లే.

దీనికి మార్కులు వేసే పద్ధతి ఒకటుంది. నల్లగా, కొమ్ముల్లేకుండా ఉండే యాంగస్ అనే జాతిని పెంచేవాళ్ళు దాన్ని బాగా వాడతారు. స్కాట్లండ్‌లో పుట్టిన ఆ జాతి కోడెలు నాలుగింటిని 1873లో జార్జ్ గ్రాంట్ అనే ఆయన అమెరికాలోని కాన్సస్‌కు తీసుకెళ్ళాడు. ఇప్పుడు అక్కడ అదే పెద్ద జాతి. విత్తనపు కోడెల్నీ, వాటి తల్లుల్నీ పెంచి అమ్మడమే వృత్తిగా బతికే కుటుంబాలు అక్కడున్నాయి. పశువుకు 1 నుంచి 9 దాకా మార్కులేస్తారు. ఒకటంటే ఎముకల గూడు. తొమ్మిదంటే కొవ్వు ముద్ద. అన్ని పక్కటెముకలూ బయటపడితే మూడు లోపే. పశువుకు ఒక్కో పక్కన 13 పక్కటెముకలుంటాయి కదా, వాటిలో చివరి రెండే కనిపిస్తే నాలుగు. అవి కూడా కనపడకుండా, వేళ్ళతో నొక్కితే తెలిస్తే అయిదు. తోక మొదట్లో మెత్తగా కొవ్వు చేతికి తగిలితే ఆరు. ఆవు ఈనేనాటికి అయిదారు మార్కుల మధ్య ఉండాలి. పాడి పశువులకు ఇదే లెక్కను 1 నుంచి 5 దాకా కుదించుకున్నారు.

వాళ్ళు పెంచేది మాంసానికి. సీమలో పెంచేది దుక్కికి, పాలకు, బండలాగుడుకు. అవసరాలు వేరైనా ఎముకల లెక్క మారదు. పైగా రెండువైపులా చుట్టరికం కూడా ఉంది! ఒంగోలు గొడ్లు బ్రెజిల్ వెళ్ళి నెల్లూరు పేరుతో 'నెలోర్' అయ్యాయి. ఒంగోలు దగ్గరి కరవది నుంచి 1960ల్లో వెళ్ళిన కోడె అక్కడి వంశావళుల్లో 'కర్వాది' పేరుతోనే ఉంది. అమెరికా వాళ్ళు మన దేశపు జాతులతో బ్రాహ్మన్‌ను తయారుచేసుకున్నారు. అందులోనూ ఒంగోలు రక్తం ఉంది. ఆ బ్రాహ్మన్‌ను యాంగస్‌తో కలిపి బ్రాంగస్ అన్నారు. ఎండను తట్టుకునే గుణం కోసమే ఇంత తిప్పలు. ఆ గుణం పుట్టుకతోనే ఉన్న గొడ్డు కర్నూలు, కడప పల్లెల్లో ఎండుగడ్డి కోసం మెడ చాపుతోంది.

ఎనభై రోజుల గడువు

ఆవు చూడికాలం సుమారు 280 నుంచి 285 రోజులు. ఏడాదికో దూడ కావాలంటే 365లో అది పోగా మిగిలేవి 80 రోజులే. ఈనిన ఆవు కోలుకోవాలి, దూడకు పాలివ్వాలి, ఆ 80 రోజుల్లోనే మళ్ళీ ఎదకొచ్చి కట్టాలి. అయిదు మార్కులతో ఈనిన ఆవుకు ఇది పెద్ద కష్టం కాదు. మూడుతో ఈనితే? తిన్నదంతా ముందు ప్రాణం నిలుపుకోడానికి, తర్వాత పాలకు పోతుంది. ఎద సంగతి శరీరం ఆఖర్న చూసుకుంటుంది. 'దీనికేదో గాలి సోకింది, కట్టడం లేదు' అని తాయెత్తు కట్టించే ఆవుల్లో ఎన్నింటికో సోకింది గాలి కాదు, ఆకలి.

సీమలో ఇంకో మెలిక ఉంది. కర్నూలు, కడపల్లో సాధారణ వర్షపాతం ఏడాదికి 700 మిల్లీమీటర్ల లోపే. అందులో ఎక్కువ భాగం జూన్ తర్వాతే. వానలు పడి మెట్టల్లో కసువు మొలిస్తే గొడ్డు ఒళ్ళు చేస్తుంది, సెప్టెంబరు ప్రాంతంలో ఎదకొస్తుంది. అప్పుడు కట్టిన ఆవు ఎప్పుడు ఈనుతుంది? జూన్‌లో. అంటే చూడి చివరి మూడు నెలలూ సరిగ్గా నడివేసవిలో పడతాయి! లోపలి దూడ బరువులో ఎక్కువ భాగం పెరిగేది ఆ మూడు నెలల్లోనే. పొలంలో పచ్చిపరక ఉండదు, వామి అడుగంటుతుంది, బావిలో నీళ్ళు పాతాళానికి పోతాయి. మంచి కాలంలో కట్టిన ఆవు చెడ్డకాలంలో ఈనాల్సి వస్తుందన్నమాట.

ఒక్క మార్కు పెరగాలంటే ఓ మోస్తరు ఆవుకు 35-40 కిలోల ఒళ్ళు రావాలి. ఎనభై తొంభై రోజుల్లో అది రావాలంటే రోజుకు అరకిలో లెక్క. ఈనిన తర్వాత, పాలిస్తూ అంత ఒళ్ళు చెయ్యడం మామూలు మేతతో అయ్యే పని కాదు. అందుకే మార్కులు చూడాల్సింది ఈనాక కాదు, ఫిబ్రవరిలో. అప్పటికింకా వామిలో మేత ఉంటుంది, చేతిలో మూడు నాలుగు నెలల వ్యవధి ఉంటుంది.

చొప్ప పోయింది, శనగ వచ్చింది

వామి గురించి చెప్పుకోవాలంటే నల్లరేగడి గురించి చెప్పుకోవాలి. కోయిలకుంట్ల, ఆళ్ళగడ్డ, జమ్మలమడుగు వైపు ఒకప్పుడు రబీలో తెల్లజొన్న విస్తారంగా పండేది. గింజ మనిషికి, చొప్ప గొడ్డుకు. 1990ల తర్వాత ఆ నేలల్లోకి శనగ వచ్చింది. జేజీ-11 లాంటి రకాలతో రైతుకు డబ్బు కనబడింది, యంత్రంతో కోత సులువైంది. ఆ లాభాన్ని తప్పుపట్టడానికి లేదు. కానీ శనగ చేను చొప్పనివ్వదు. కాస్త పొట్టు మిగులుతుంది, అంతే. దుక్కికి ట్రాక్టరొచ్చింది కాబట్టి ఎద్దుల మేత లేకపోయినా ఫర్వాలేదనిపించింది. ఆవుల మేత కూడా దాంతోపాటే పోయిందని అర్థమయ్యేసరికి చొప్ప కొనుక్కునే రోజులొచ్చాయి. కేసీ కాలువ కింద వరిగడ్డి ఉన్నా, కోతయంత్రం నుజ్జు చేసి పొలంలో పారబోసింది ఏరి తెచ్చుకోవడం మరో ఖర్చు.

ఉన్న మేతలో తేడా తెలుసుకోవడం ఇక్కడే అక్కరకొస్తుంది. వేరుశనగ కట్టెలో ఉండే మాంసకృత్తులు వరిగడ్డిలో ఉన్నవాటికి రెండింతలపైనే. నవంబరులో కాయ కొట్టగానే ఆ కట్టె అందుబాటులో ఉంది కదాని అన్ని గొడ్లకూ సమానంగా వేసేస్తుంటారు. ఒట్టిపోయిన ఎద్దు కూడా తింటుంది, చూడి ఆవూ తింటుంది. మార్చి నాటికి ఖాళీ! చూడి ఆవు కోసం కొంత కట్టెను వేరే వామిగా వేసి తాటాకు కప్పి ఉంచే ఇళ్ళు ఇప్పటికీ కొన్నున్నాయి. పాతకాలపు పద్ధతి లాగా కనిపించినా, శాస్త్రం చెప్పేదీ అదే.

వరిగడ్డి మాత్రమే ఉంటే? 4 కిలోల యూరియాను 50-60 లీటర్ల నీళ్ళలో పూర్తిగా కరిగించి, 100 కిలోల గడ్డి మీద పొరలు పొరలుగా చల్లి, గాలి చొరకుండా పట్టా కప్పి 21 రోజులు ఉంచాలి. తీశాక కాసేపు ఆరబెట్టి వేస్తే గొడ్డు ఇష్టంగా తింటుంది, అరుగుదలా పెరుగుతుంది. ఆరు నెలల్లోపు దూడలకు పెట్టకూడదు. యూరియా బస్తా, కలిపిన నీళ్ళు గొడ్డు మూతికి అందేలా వదిలితే మాత్రం ప్రాణం మీదికొస్తుంది. అలాగే వాన మొహం చాటేసి మోకాలెత్తు కూడా పెరగని జొన్నపైరు. పచ్చగా ఉంది కదా అని తోలితే అందులోని సైనైడ్ విషం గంటల్లో చంపేస్తుంది.

కోడెకు కొవ్వెక్కితే...

ఆవుది ఆకలి కథైతే, విత్తనపు కోడెది అజీర్తి కథ. ముద్దుగా పెంచే ఇళ్ళలో ఉలవలు, పత్తిగింజలు, బెల్లం, కోడిగుడ్లు... ఎంత పెడితే అంత బలం అనుకుంటారు. బండ లాగే గొడ్డు తిన్నది కొంత చెమటగా పోతుంది. కొట్టంలో కట్టేసిన విత్తనపు కోడెకు అది కొవ్వుగా పేరుకుంటుంది. వృషణాలు ఒంటి వేడి కంటే నాలుగైదు డిగ్రీలు చల్లగా ఉంటేనే వీర్యకణాలు సరిగా తయారవుతాయి. పైన తిత్తి మెడలో కొవ్వు చేరితే ఆ వేడి బయటికి పోదు. కర్నూలు వేసవి ఎలాగూ ఉండనే ఉంది. ఇక ఆ కోడె చూపులకే కోడె. సామాన్యంగా ఎవరూ దాన్ని అనుమానించరు, ఆవునే తిడతారు.

వీర్యకణం తయారు కావడానికి రెండు నెలలు పడుతుంది కాబట్టి ఇవాళ మేతలో చేసిన పొరపాటు రెండు నెలల తర్వాత గానీ బయటపడదు. నంద్యాల, బనవాసిల్లోని ఘనీకృత వీర్య కేంద్రాల్లాంటి చోట్ల కోడెలకు మేత కొలిచి వేసేదీ, నడక తప్పనిసరి చేసేదీ అందుకే. మైనస్ 196 డిగ్రీల నత్రజనిలో నిల్వచేసే ఒక్కో గొట్టంలో సుమారు 2 కోట్ల కణాలుండాలి. కోడె మందమైతే ఆ లెక్క కుదరదు. దానికి ఆరు మార్కులు చాలు.

గింజ ఎక్కువైతే ఇంకో ప్రమాదం. పెళ్ళిలో మిగిలిన అన్నమో, జొన్నలో ఒక్కసారిగా మెక్కిన గొడ్డుకు కడుపులో ఆమ్లం పెరిగి, నిలబడలేక పడిపోతుంది. అలా చచ్చిపోయిన గొడ్లు ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి. దాణా ఏదైనా వారం పది రోజుల్లో మెల్లగా పెంచాలి, రెండు పూటలకు పంచాలి.

చెయ్యేసి చూడ్డానికి ఖర్చేమీ లేదు. నెలకోసారి, పొద్దున్నే, మేత వెయ్యకముందు. ఎడమచేతి వేళ్ళు పక్కటెముకల మీద, బొటనవేలు నడుం మీద. కొట్టం గోడ మీద సుద్దతో తారీఖు, మార్కు రాసి పెట్టుకుంటే వచ్చే నెల పోల్చుకోవచ్చు. తిన్నా మార్కు తగ్గుతోందంటే కడుపులో నులిపురుగులు ఉన్నాయేమో పేడ పరీక్ష చేయించాలి. తొలకరికి ముందు గొంతువాపు, జబ్బవాపు టీకాలకు పశువుల డాక్టరు వస్తారు కదా... ఆ రోజు ఆయన చేత కూడా ఒక మార్కు వేయించుకుని, తమ మార్కుతో సరిపోయిందో లేదో చూసుకోవచ్చు.