ఇగ్వానాకు రసీదు, ఉడుముకు జైలు

2006 మార్చిలో కోల్‌కతాలోని అలీపూర్ జంతుప్రదర్శనశాలలో ఒక తాబేలు కన్నుమూసింది. దాని పేరు అద్వైత. అది ఆల్డాబ్రా జాతి మహాకూర్మం. రాబర్ట్ క్లైవ్ తన బారక్‌పూర్ తోటలో పెంచుకున్న తాబేళ్లలో ఇదొకటన్నది ప్రచారంలో ఉన్న కథ. దాని వయసు రెండున్నర శతాబ్దాలన్న మాటకు శాస్త్రీయ నిర్ధారణ లేదు. జూకు చేరిందని చెప్పే 1875 ప్రాంతం నుంచి మాత్రమే లెక్కవేసినా నూట ముప్పై ఏళ్లు దాటుతుంది. క్లైవ్ 1774లోనే పోయాడు. 1858లో కంపెనీ పాలన పోయింది, 1947లో సామ్రాజ్యమూ పోయింది. యజమానుల మీద యజమానులు గతించిన తరువాత కూడా ఆ మూగజీవి పంజరంలోనే ఉండిపోయింది. విదేశీ సరీసృపాన్ని ఇంటికి తెచ్చుకోవడమంటే ఏమిటో ఇంతకంటే స్పష్టంగా చెప్పే చరిత్ర మన దేశంలో మరొకటి లేదు. తెచ్చుకునేవాడి సరదా కొన్నేళ్లది, దాని భారం మాత్రం తరువాతి తరాలది.

క్లైవ్ కాలంలో ఈ సరదా ప్రభువులది. నేడు అది మధ్యతరగతి ఇంటి గుమ్మం దాకా వచ్చింది. ఖరగ్‌పూర్‌లోని ఇందా వంటి పేటలో కూర్చున్నవాడికి కూడా చేతిలో ఫోను ఉంటే చాలు, ఇగ్వానా పిల్లలూ బాల్ పైథాన్‌లూ రంగురంగుల బొమ్మలై కనిపిస్తాయి. బేరసారాలు వాట్సాప్‌లో నడుస్తాయి. ఈ వ్యాపారాన్ని అదుపు చేయవలసిన ప్రభుత్వం గత కొన్నేళ్లుగా చేసిన పని ఏమిటన్నదే ఈ వ్యాసంలో నా ప్రశ్న.

మన వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. 1976లో భారతదేశం సైటిస్ ఒప్పందంలో చేరింది. అంతరించిపోయే ప్రమాదమున్న జీవజాతుల అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే ఒప్పందమది. అయితే మన చట్టం ప్రధానంగా మన దేశపు జంతువుల చట్టం. దక్షిణ అమెరికా ఇగ్వానా, ఆఫ్రికా కొండచిలువ సరిహద్దు దాటి లోపలికి వచ్చాక వాటిని ఎవరు పెంచుతున్నారో, ఎవరికి అమ్ముతున్నారో అడిగే నిబంధన దశాబ్దాల పాటు అందులో లేదు. విమానాశ్రయం గేటు దాటితే చాలు, అక్రమ సరుకు ఇంటి జంతువైపోయేది.

ఆ ఖాళీని పూడ్చడానికి కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2020 జూన్‌లో ఒక మార్గం కనిపెట్టింది. స్వచ్ఛంద వెల్లడి పథకమని దానికి పేరు. మీ దగ్గర ఉన్న విదేశీ జంతువులను ఆరు నెలల్లోగా ప్రకటించండి, అవి ఎలా వచ్చాయో పత్రాలు చూపనక్కరలేదు అన్నది దాని సారాంశం. గడువును తరువాత 2021 మార్చి దాకా పొడిగించారు. న్యాయస్థానాలు కూడా ఆ అభయాన్ని నిలబెట్టాయి. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని మన సామెత. ఇక్కడ ప్రభుత్వం ఆరు నెలల పాటు మొరగబోనని ముందుగానే ప్రకటించింది. ప్రకటించిన వారందరూ దొంగలని నా అభియోగం కాదు. వారిలో తెలియక కొన్నవారూ, ప్రేమతో సాకుతున్నవారూ ఉంటారు. కానీ అమాయకుడినీ స్మగ్లర్‌నూ ఒకే గాటన కట్టి ఇద్దరికీ ఒకే రసీదు ఇచ్చిన పథకాన్ని సంస్కరణ అనలేము. నల్లధనం విషయంలో ఇలాంటి క్షమాభిక్ష ప్రకటిస్తే పార్లమెంటు దద్దరిల్లుతుంది. జంతువుల విషయంలో ఎవరికీ చీమ కుట్టినట్టు కూడా లేదు.

2022 డిసెంబరులో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమలులోకి వచ్చింది. సైటిస్ జాబితాలోని జీవజాతులకు నాలుగవ షెడ్యూలులో చోటు దొరికింది. 49ఎమ్ సెక్షన్ కింద వాటిని కలిగి ఉండడం, బదిలీ చేయడం, వాటికి పిల్లలు పుట్టడం, అన్నీ నమోదు కావాలి. 2024 ఫిబ్రవరి 28న నియమాలు వెలువడ్డాయి. అప్పటికే జంతువు ఉన్నవారికి పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేసుకోవడానికి ఆరు నెలలు, ఆ తరువాత తెచ్చుకునేవారికి ముప్పై రోజులు గడువు. ఇది ముందడుగేనని ఒప్పుకుంటాను. లేని చట్టం కంటే ఉన్న చట్టం మేలు. కానీ నమోదు అన్నది జంతువు ఉన్నదని చెప్పే కాగితం మాత్రమే. అది బతుకుతుందని గాని, సక్రమంగా వచ్చిందని గాని ఆ కాగితం హామీ ఇవ్వదు. ఇంటికి తెచ్చుకున్నాక ముప్పై రోజులకు అడిగే ప్రశ్న, తెచ్చుకోకముందు అడగవలసిన ప్రశ్నకు ప్రత్యామ్నాయం కాజాలదు.

ఈ మధ్యకాలంలో మన విమానాశ్రయాలు చెబుతున్న కథ చూడండి. 2023 ఆగస్టులో బెంగళూరులో బ్యాంకాక్ నుంచి వచ్చిన ప్రయాణికుడి పెట్టెల్లో 234 జంతువులు బయటపడ్డాయి. వాటిలో కొండచిలువలు, ఊసరవెల్లులు, ఇగ్వానాలు, మొసలి పిల్లలు ఉన్నాయి. ఒక కంగారూ పిల్ల ఊపిరాడక చనిపోయి ఉంది. మరుసటి నెలలోనే అదే విమానాశ్రయంలో 55 బాల్ పైథాన్‌లు, 17 రాచనాగులు దొరికాయి. వాటితో పాటు ఉన్న ఆరు కోతులు అప్పటికే శవాలు. 2024 అక్టోబరులో విశాఖ విమానాశ్రయంలో నీలినాలుక బల్లులు పట్టుబడ్డాయి. మా పశ్చిమ బెంగాల్‌లోనైతే 2022 ఏప్రిల్‌లో జల్పాయిగుడి జిల్లా గజోల్‌డోబా ప్రాంతంలో కంగారూలు రోడ్డు మీద తిరుగుతూ కనిపించాయి. పట్టుబడినవి ఇవి. పట్టుబడకుండా దాటిపోయినవాటికి నమోదు పత్రమే కొత్త జన్మపత్రిక అవుతుందన్న భయం అకారణమైనది కాదు. పెంపకందారు ఇంట్లో పుట్టిందని రాయించుకుంటే చాలు, బ్యాంకాక్ పెట్టెలో వచ్చిన పిల్లకూ పుట్టిల్లు దొరుకుతుంది.

ఇక నాణేనికి రెండవ వైపు. మన ఉడుము మొదటి షెడ్యూలు జంతువు. మన కొండచిలువ కూడా అంతే. నక్షత్ర తాబేలును 2022 సవరణ అదే షెడ్యూలుకు చేర్చింది. వీటిని పట్టినా, పెంచినా, అమ్మినా కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు జైలు, పాతిక వేలకు తగ్గని జరిమానా. ఈ శిక్ష ఎక్కువని నేననను. ఖరగ్‌పూర్ దాటితే జంగల్‌మహల్ అడవులు మొదలవుతాయి. 2018 ఏప్రిల్‌లో లాల్‌గఢ్ దగ్గర ఒక పులి వేటగాళ్ల చేతిలో చచ్చిపోయింది. వేట పండుగలను ఆపాలని కలకత్తా హైకోర్టు రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించవలసి వచ్చింది. అడవికి రక్షణ కావలసిందే. నా అభ్యంతరం వేరు. కూర కోసం ఉడుమును పట్టిన సంతాలు యువకుడిని తెలియక చేశానన్న మాట కాపాడదు. వేల రూపాయలు పోసి ఇగ్వానా కొన్న నగరవాసికి మాత్రం అదే మాట మీద రాజ్యం ఒక పథకమే రచించింది. పేదవాడి అజ్ఞానానికి శిక్ష, ఉన్నవాడి అజ్ఞానానికి గడువు పొడిగింపు. దీనిని సమన్యాయం అనగలమా?

పై అంతస్తులో ఏం జరుగుతున్నదో కూడా చూడాలి. జామ్‌నగర్‌లోని వంతారా కేంద్రానికి జంతువులు ఎలా వచ్చాయో పరిశీలించడానికి 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు జస్టిస్ జాస్తి చలమేశ్వర్ నాయకత్వంలో ప్రత్యేక బృందాన్ని వేసింది. ఉల్లంఘనలు లేవని ఆ బృందం సెప్టెంబరులో నివేదించగా కోర్టు ఆమోదించింది. ఆ తీర్పును నేను ఇక్కడ తిరగదోడడం లేదు. నేను అడిగేది ఒక్కటే. దేశంలోకెల్లా పెద్ద కేంద్రం కాగితాలు సక్రమమో కాదో తేల్చడానికి అత్యున్నత న్యాయస్థానం, ఒక మాజీ న్యాయమూర్తి కావలసి వచ్చారు. మరి ఒక అద్దె ఇంటి రెండవ అంతస్తులో గాజుపెట్టెలో ఉన్న కొండచిలువ కాగితాలను ఎవరు తనిఖీ చేస్తారు? అటవీ శాఖలోని ఏ బీట్ అధికారికి బాల్ పైథాన్‌ను, దాని రంగు మార్చిన సంకరాన్ని గుర్తించే శిక్షణ ఇచ్చారు?

ఇది కాగితాల గొడవ మాత్రమే కాదు. ఆకుపచ్చ ఇగ్వానా పిల్ల అరచేతిలో ఇముడుతుంది. మూడు నాలుగేళ్లలో తోకతో కలిపి మనిషి ఎత్తుకు దగ్గరవుతుంది. అది శాకాహారి. కోడిగుడ్డు, మాంసం పెడితే మూత్రపిండాలు పాడవుతాయి. ఎండలోని అతినీలలోహిత కాంతి అందకపోతే ఎముకలు మెత్తబడి దవడ వంగిపోతుంది. ఒంటికి వేడిని తానే పుట్టించుకోలేని జీవి గనుక ముప్పై డిగ్రీలు దాటిన వెచ్చని చోటు దానికి రోజూ కావాలి. డిసెంబరు రాత్రి కరెంటు పోతే తిన్న ఆకు జీర్ణం కాక కడుపులోనే కుళ్లుతుంది. బాల్ పైథాన్ మంచి సంరక్షణలో ముప్పై ఏళ్లు బతుకుతుంది. చాలా సరీసృపాల మలంలో సాల్మొనెల్లా ఉంటుంది. ఈ కారణంతోనే అమెరికా 1975లో నాలుగు అంగుళాల లోపు తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించింది. పసిపిల్లలున్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

ఇప్పుడు ఈ లెక్కను మా ఊరి బతుకుతో కలిపి చూడండి. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల వారు ఇక్కడి వర్క్‌షాపులో చెమటోడ్చారు. ఉద్యోగమున్నంత కాలం క్వార్టరు, పదవీ విరమణతో దానికి వీడ్కోలు. కొందరు ఇందాలోనో మలంచాలోనో ఇల్లు కట్టుకుంటారు, కొందరు సొంతూరు చేరతారు. ముప్పై ఏళ్లు బతికే పాముకు ఈ బదిలీలు, విరమణలు, పిల్లల పై చదువులు తెలియవు. దాన్ని చూడగల పశువైద్యుడు కావాలంటే కోల్‌కతా వైపు చూడాలి. తన ఇల్లే తనకు శాశ్వతం కానివాడు ఇంకొక ప్రాణికి ముప్పై ఏళ్ల నీడ హామీ ఇవ్వగలడా అన్నది దరఖాస్తులో మొదటి ప్రశ్న కావాలి.

నా ఇల్లు, నా డబ్బు, నా ఇష్టం అనేవారున్నారు. కుక్కను పెంచుకున్నట్టే ఇదీ అంటారు. కుక్క వేల ఏళ్లుగా మనిషితో కలిసి మారింది. ఇగ్వానాను పెట్టెలో పెట్టాక కూడా అది అడవి జంతువే. పైగా ఆ ఇష్టానికి మూల్యం ఇంటి గోడల లోపలే ఆగిపోదు. ఫ్లోరిడాలో పెంపకం నుంచి తప్పించుకున్నవీ, విసుగెత్తి వదిలినవీ అయిన బర్మా కొండచిలువలు ఎవర్‌గ్లేడ్స్ అడవిని ఆక్రమించాయి. అక్కడ రకూన్లు కనిపించడం 99 శాతం తగ్గిందని 2012లో ఒక అధ్యయనం తేల్చింది. అంతదూరం ఎందుకు? అక్వేరియం దుకాణాల్లో కొన్న ఎర్రచెవి తాబేళ్లు మన ఈశాన్య రాష్ట్రాల చెరువుల్లో ఇప్పటికే నమోదయ్యాయి. పుణ్యమని చెరువులో వదిలిన చెయ్యే స్థానిక తాబేలు నోటి దగ్గరి కూడు లాగేస్తున్నది.

పూర్తిగా నిషేధిస్తే పోలేదా అనే వారితోనూ నేను ఏకీభవించను. నిషేధం వచ్చిన మరునాడే వేలాది జంతువులు రాత్రికి రాత్రి చెరువుల పాలో చెత్తకుప్పల పాలో అవుతాయి. నిజాయితీగా నమోదు చేసుకున్నవాడు నేరస్థుడవుతాడు, నమోదు చేయనివాడు నవ్వుకుంటాడు. కావలసింది నిషేధమూ కాదు, క్షమాభిక్షా కాదు.

మొదటిది, ఏ జాతులను ఇంట్లో పెంచవచ్చో చిన్న జాబితా ప్రకటించాలి. అందులో లేనిది ఇంటికి రాకూడదు. మీటరు దాటి పెరిగే సరీసృపాలకు స్థలం, వేడి, వైద్యుడు ఉన్నట్టు చూపాకే ముందస్తు అనుమతి ఇవ్వాలి. రెండవది, బాధ్యత కొనేవాడితో కాక అమ్మేవాడితో మొదలు కావాలి. ప్రతి జంతువు చర్మం కింద మైక్రోచిప్ లేకుండా అమ్మకం జరగకూడదు. మూడవది, ఇక సాకలేనన్నవాడు భయం లేకుండా అప్పగించే కేంద్రం ప్రతి జిల్లాలోనూ ఉండాలి. జంతువును అప్పగించే హక్కును 42ఏ సెక్షన్ స్వదేశీ జంతువుల యాజమాన్య పత్రం ఉన్నవారికి ఇచ్చింది. దానిని నాలుగవ షెడ్యూలుకూ విస్తరించాలి. నాలుగవది, చొరబాటు జాతులను నియంత్రించే అధికారం 62ఏ సెక్షన్ కేంద్రం చేతిలో పెట్టింది. చెరువులు నిండాక కాక ముందే దాన్ని వాడాలి. అయిదవది, దరఖాస్తు ప్రజల భాషలో ఉండాలి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికారిక గుర్తింపునిచ్చింది. ఆ గుర్తింపు వేదికల మీది శాలువాలకే పరిమితం కాకూడదు. చట్టాన్ని అర్థమయ్యే భాషలో చెప్పకుండా పాటించలేదని శిక్షించడం పాలన అనిపించుకోదు.

ఈలోగా కొనాలని తహతహలాడే మిత్రులకు ఒక మాట. జాతి పేరు, సైటిస్ దిగుమతి అనుమతి, డీజీఎఫ్‌టీ లైసెన్సు, పెంపకందారు లైసెన్సు చూపమని అడగండి. తరువాత చూద్దాం అన్నవాడి దగ్గర కొంటే మీరు కొన్నది జంతువును కాదు, కేసును. అన్ని పత్రాలూ ఉన్నా మరొక ప్రశ్న మిగులుతుంది. మీ తరువాత దాన్ని ఎవరు చూస్తారు? ఆ పేరు ఇప్పుడే కాగితం మీద రాయలేకపోతే పెట్టె తెరవకండి.

ప్రభుత్వానికి చెప్పవలసింది కూడా అంతే. ఉడుమును పట్టినవాడిని నిలదీసే గొంతు ఇగ్వానాను దిగుమతి చేసినవాడి ముందు ఎందుకు మెత్తబడుతున్నదో సమాధానం చెప్పండి. ఆ సమాధానం రానంత కాలం ఎన్ని షెడ్యూళ్లు మార్చినా, ఎన్ని పోర్టళ్లు తెరిచినా అది వన్యప్రాణి సంరక్షణ అనిపించుకోదు, సరుకుల పద్దు రాసుకోవడమే అవుతుంది.