ఫైలు పోతే చేతులు కట్టుకోండి!

కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోయింది. మళ్లీ నడిపిస్తే మీ సైన్సు ప్రాజెక్టు ఫైలు మాయం! కంగారుపడి మీటలన్నీ నొక్కేస్తారు కదూ? అసలు నష్టం అప్పుడే జరుగుతుంది.

హార్డ్ డిస్కులో ఫైలు చెరిగిందంటే, సాధారణంగా పట్టికలోంచి దాని పేరు మాత్రమే పోయిందన్నమాట. హాజరుపట్టీలో పేరు కొట్టేసినా కుర్రాడు బెంచీ మీదే కూర్చున్నట్లు, సమాచారం అక్కడే ఉంటుంది. ఇంకో ఫైలు వచ్చి ఆ చోటు ఆక్రమిస్తేనే చిక్కు. కాబట్టి ఆ డిస్కుపై ఇంకేమీ రాయకుండా, తెలిసినవారి చేత వెలికితీయించండి. (కొత్తరకం ఎస్.ఎస్.డి.లు ఖాళీ అయిన చోటును తామే తుడిచేసుకుంటాయి. వాటిలో ఆశ తక్కువ.)

1998లో అమెరికాలోని పిక్సార్ సంస్థలో ఒక పొరపాటు ఆదేశం వల్ల ‘టాయ్ స్టోరీ 2’ చిత్రం ఫైళ్లు కళ్లముందే చెరిగిపోసాగాయి. వెంటనే యంత్రం ప్లగ్గు పీకించారు. మంచిపనే! అయినా చాలావరకు పోయాయి. నకళ్లు తీసే ఏర్పాటుందిగా అనుకుంటే, అది సరిగా పనిచేయడం లేదని అప్పుడు బయటపడింది. తెరిచి చూడని నకలును నకలు అనడానికి నేనొప్పుకోను. చివరికి గేలిన్ సస్‌మన్ అనే ఉద్యోగిని ఇంట్లో ఒక ప్రతి దొరికింది. పసిబిడ్డ ఉండడంతో ఆమె ఇంటినుంచే పనిచేసేవారు. ఆ కంప్యూటర్‌ను దుప్పట్లలో చుట్టి, కారులో భద్రంగా తెచ్చుకున్నారు.