పిలవని పేరంటానికి వచ్చే ప్రోగ్రాములు

కంప్యూటరులో మీ పేరు, పాస్‌వర్డు ఇచ్చి లోపలికి వెళ్ళగానే, మీరు ఏమీ అడగకముందే కొన్ని ప్రోగ్రాములు పని మొదలుపెడతాయని మీకు తెలుసా? వాటిలో కొన్ని అవసరమైనవే. మరికొన్ని పిలవని పేరంటానికి వచ్చినవి. వచ్చిన ప్రతిదీ మెమరీలో కొంత చోటు ఆక్రమిస్తుంది. పాత కంప్యూటరు నత్తనడక నడవటానికి ఇదొక కారణం. దాన్ని మూలన పడేసే ముందు ఈ జాబితా చూడమని నా సలహా.

ఇంతకీ వీటిని పిలిచేదెవరు? లినక్సును ఉదాహరణగా తీసుకుందాం. అందులో తెరను, మెనూలను చూసుకునే డెస్క్‌టాప్ ఒక్కటే కాదు. కేడీఈ 1996లో, గ్నోమ్ 1997లో మొదలయ్యాయి. ఎక్స్‌ఎఫ్‌సీఈ వంటివి ఇంకా ఉన్నాయి. ప్రతిదానికీ వేరు పద్ధతి ఉంటే ప్రోగ్రాము రాసేవారికి ఎంత చిక్కు! అందుకే 2000లో ప్రారంభమైన ఫ్రీడెస్క్‌టాప్ అనే వేదిక ద్వారా ఒక ఉమ్మడి నియమం ఏర్పడింది. చాలా దేశాలు మీటరును ఒప్పుకున్నట్లే ఇదీ!

ఆ నియమం చాలా సులభం. 'ఆటోస్టార్ట్' అనే ఫోల్డరులో ఒక్కో ప్రోగ్రాముకు ఒక్కో చిన్న ఫైలు ఉంటుంది. అందులో ఉండేవి మామూలు అక్షరాలే, ఎవరైనా చదవవచ్చు. అందరికీ వర్తించే ఫోల్డరు ఒకటి, మీ సొంత ఫోల్డరు మరొకటి. రెండింటిలోనూ ఒకే పేరుగల ఫైలుంటే మీదే చెల్లుతుంది. మీ ఫైలులో 'హిడెన్=ట్రూ' అని రాస్తే ఆ ప్రోగ్రాము మీకు మొదలుకాదు; మిగతావారికి మామూలే. 'ఓన్లీషోఇన్' అనే వరుసలో కేడీఈ పేరు మాత్రమే ఉంటే, అది గ్నోమ్‌లో మొదలుకాదు.

మన పాఠాల్లో ఏ బటను నొక్కాలో చెబుతాం. కాని బటన్లు డెస్క్‌టాప్‌కొక చోట ఉంటాయి, వెర్షను మారితే అవీ మారతాయి. నియమం తెలిసినవారికి ఎక్కడైనా దారి దొరుకుతుంది. కనుక నేర్పవలసింది నియమమే అంటాను.

"పిల్లలు ఫైళ్ళ జోలికి పోతే పాడుచేస్తారు" అని కొందరి భయం. మీ సొంత ఫోల్డరులో రాసిన ఫైలును తీసేస్తే అంతా మునుపటిలాగే అవుతుంది. అసలు భయపడవలసింది మరొకటి ఉంది. హానిచేసే ప్రోగ్రాములు కూడా ఇదే ఫోల్డరులో తమ ఫైలు పెట్టుకోగలవు. చదవడం రానివారు వాటిని ఎలా గుర్తిస్తారు?

అయితే తొందరపడి అన్నీ ఆపేయకండి. చూపులేనివారికి తెరను చదివి వినిపించే ప్రోగ్రామూ వాటిలో ఉండవచ్చు. ముందు చదవండి, అది చేసే పనేమిటో తెలుసుకోండి, ఆ తరువాతే ఆపండి.